నాలుగు టైర్లకు సరిపడా గాలి

మార్చి 2, ఆదివారం

ఇవాళ పరువు పోయింది. ఎలా పోయిందో రాసుకుంటే బాధ కొంచెమైనా తగ్గుతుందేమో.

జీపును ఇసుక దిబ్బల మీదకు ఎక్కించాలంటే ముందు టైర్లలో గాలి సగానికి సగం తీసేయాలి. మెత్తబడ్డ టైరు ఇసుక మీద వెడల్పుగా పరుచుకుంటుంది, కూరుకుపోదు. దిబ్బలు దిగాక రోడ్డెక్కాలంటే మళ్లీ గాలి కొట్టుకోవాలి. మొదటి సగం పని నేను బ్రహ్మాండంగా చేశాను. రెండో సగానికి పంపు లేదు. మా బావమరిది దగ్గర ఉంటుందిలే అనుకున్నాను. మా ఆదివారం జీపుల గుంపుకి వాడే లీడరు. వాడేమో వేరే దారిన ఇంటికి వెళ్లిపోయాడు.

మూడు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాం, నేనూ మా ఆవిడా. చివరికి ఒక పాల వ్యాను డ్రైవరు ఆగి తన పంపు తీశాడు. గాలి కొడుతూ, ఏం ఉద్యోగం సార్ అని అడిగాడు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ని అని చెప్పాను. అయితే కొలత మీరే చూడండి సార్ అని గాలి కొలిచే గేజీ నా చేతికిచ్చాడు. ఇవ్వకుంటేనే బాగుండేది.

 ఇంటి గుమ్మం దగ్గర మా ఆవిడ నోరు విప్పింది. ఇంకొక్కసారి వెళ్దాం, ఆ ఒక్కసారీ గాలి కోసం ఇంకొకరి ముందు చెయ్యి చాపితే మర్నాడే జీపు అమ్మేయాలి అంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని కూడా అంది.

ఒప్పుకున్నాను. ఆ జీపు పోతే నాకు మిగిలేది ఆఫీసు ఒక్కటే. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో వాళ్ల తక్కెడలు తప్పా ఒప్పా అని చూస్తున్నాను. ఆదివారం ఒక్కపూటే నేను ఏదీ తూచను.

మార్చి 3, సోమవారం

పోర్టబుల్ ఎయిర్ కంప్రెసర్ కొనాలి. ఎంతసేపు పని? సాయంత్రానికి తేలిపోతుంది.

మార్చి 9, ఆదివారం

తేలలేదు.

పద్నాలుగు మోడళ్లతో పట్టిక వేశాను. ప్రతి డబ్బా మీదా గాలి ఒత్తిడి నూటయాభై PSI అని కొండంత అక్షరాలతో రాసి ఉంది. నాకు కావల్సింది ముప్పై రెండు. ఎంత ఎక్కించగలదన్నది కాదు, ఎంతసేపట్లో ఎక్కిస్తుందన్నది ముఖ్యం. అది మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

బావమరిదికి ఫోన్ చేస్తే, పెద్దది కొను బావా, కళ్లు మూసుకుని కొనెయ్ అన్నాడు. గుంపులో ఉన్న పళ్ల డాక్టరు, చిన్నది కొనండి, సీటు కింద పడుంటుంది అన్నారు. వాళ్ల వాళ్ల కుందేళ్లకు మూడే కాళ్లు.

మార్చి 11, మంగళవారం, ఉదయం 7.00

చిన్నది తెచ్చాను. ముచ్చటగా ఉంది. డిస్‌ప్లే ఉంది, నీలం లైటు ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే చాలు.

7.25

మొదటి టైరే ఇంకా నిండలేదు. పక్కింటి మాస్టారు వచ్చి, ఏదో కాలుతున్న వాసనండీ అన్నారు. వాళ్లింట్లో పాలు పొంగాయేమో చూసుకోమన్నాను.

7.31

కాలుతున్నది ఇదే. జీపు ఫ్యూజు కూడా పోయింది.

మా ఆవిడ బాల్కనీలోంచి చూసి లోపలికి వెళ్లిపోయింది. నవ్విందో లేదో కనిపించలేదు.

మార్చి 15, శనివారం

ఆఫ్‌రోడ్ సామాన్ల షాపుకి వెళ్లాను. స్టాప్‌వాచ్, గేజీ, నా స్టెప్నీ టైరు వెంట తీసుకెళ్లాను. టైరు దొర్లించుకుంటూ లోపలికొస్తే షాపు ఓనరు, పంక్చర్లు వెయ్యమండీ అన్నాడు.

డబ్బా మీద నిమిషానికి డెబ్బై లీటర్లు అని ఉంది కదా, ఇది టైరుకి తగిలించి కొలిచిందా, గొట్టం గాల్లో వదిలేసి కొలిచిందా అని అడిగాను. ఓనరు డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు సార్ అన్నాడు. గాల్లో వదిలేసి కొలవడమంటే ఖాళీ తక్కెడ చూపించి కిలో అనడమే. ఆఫీసులో అయితే సీజ్ చేసేవాణ్ణి.

షాపు పెరట్లో మూడు కంప్రెసర్లు పరీక్షించాం. మొదటిది ఏడో నిమిషంలో వేడెక్కి తనంతట తనే ఆగిపోయింది. రెండోదాని గొట్టం వెనక టైరు దాకా రాదు. జీపును మడతపెట్టలేం కదా. మూడోది అనాకారి. లైటు లేదు, డిస్‌ప్లే లేదు, నేరుగా బ్యాటరీకి క్లిప్పులు తగిలించాలి, ఇంజన్ ఆన్‌లో ఉంచాలి. పదిహేను నుంచి ముప్పై రెండుకి ఐదు నిమిషాల నలభై సెకన్లు. మళ్లీ చేశాం. మళ్లీ అంతే.

లైటు లేదని దాన్నెవరూ కొనరట. నేను కొన్నాను. టైరు మర్చిపోకండి సార్ అని ఓనరు దాన్ని దొర్లించుకుంటూ గేటు దాకా వచ్చాడు.

మార్చి 17, సోమవారం

నా రెండు గేజీలను ఆఫీసులో ప్రామాణిక గేజీతో సరిచూశాను. ఒకటి అర PSI ఎక్కువ చూపిస్తోంది. మనిషన్నవాడు ఇక ఎవర్ని నమ్మాలి?

మార్చి 20, గురువారం

రోజూ ప్రాక్టీసే. మా నాలుగు టైర్లూ అయ్యాక అపార్ట్‌మెంట్లో సైకిళ్లన్నిటికీ కొట్టాను. నాలుగో అంతస్తు బామ్మగారి చక్రాల కుర్చీకి కూడా కొట్టాను. ఆవిడ, ఇప్పుడు దానంతటదే పరిగెడుతోంది నాయనా, కొంచెం తీసెయ్ అన్నారు.

మా ఆవిడ కిందకొచ్చి క్లిప్పులు ఎలా తగిలించాలో చూపించమంది. నలభై నిమిషాలు వివరించాను. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి, అంతేనా అంది. అంతే. వెళ్తూ వెళ్తూ, గాలి కొట్టడం వచ్చింది సరే, ఇసుకలో నడపడం ఎప్పుడు నేర్చుకుంటారు అని అడిగింది.  ఆ ప్రశ్న నా పట్టికలో లేదు.

మార్చి 23, ఆదివారం, ఉదయం 6.15

దిబ్బల అంచు. ఆరు జీపులు. అందరూ గాలి తీస్తున్నారు. బుస్‌మని ఒకటే మోత.

7.10

అందరిదీ ఎప్పుడో అయిపోయింది. నా జీపు ముందు ఎడమ టైరు పదిహేను, వెనక కుడిది పదిహేనున్నర. కొంచెం కొట్టి, కొంచెం తీసి, మళ్లీ కొట్టాను. బావమరిది నాలుగుసార్లు హారన్ కొట్టాడు. ఎండెక్కితే ఇసుక వదులైపోతుంది బావా, దిగబడిపోతావు అని అరిచాడు. నాలుగూ సమానమయ్యాకే లేచాను. ఈలోగా అందరూ వెళ్లిపోయారు.

7.40

దిగబడ్డాం.

సాయంత్రం 6.00, ఇల్లు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ చక్రాలు గుంత తవ్వుకున్నాయి. నేను ఇంకా తొక్కాను. పార పట్టుకుని దిగాను. బావమరిదిని పిలిచి తాడు కట్టించుకుంటే అది గాలి కోసం చెయ్యి చాపడం కిందకు రాదని, మా ఒప్పందం ప్రకారం చెల్లుతుందని మా ఆవిడకు వివరించబోయాను. నోరు మూసుకుని పక్కకు నిలబడమంది.

నిలబడ్డాను. ఆవిడ దిగి, ఒక్కో టైరు దగ్గర వాల్వు నొక్కి, పది లెక్కపెట్టి వదిలేసింది. గేజీ లేదు! నా ప్రాణం ఉసూరుమంది. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని మెల్లగా రివర్స్ చేసింది, వచ్చిన చాళ్లలోనే. జీపు వెన్నలోంచి చెంచా తీసినట్టు బయటికొచ్చింది. ఇక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కొంచెం వెనక్కి పోయి, ఒక్క ఊపున నా పక్కనుంచే దిబ్బెక్కి అవతలికి మాయమైంది. నేను పారతో వెంట పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో తెలియదు.

ముప్పావు గంటకు గుంపంతా తిరిగొచ్చింది, ముందు మా జీపు. ఆవిడ జుట్టు నిండా ఇసుక. పగలబడి నవ్వుతోంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో అంత నవ్వు నేను చూడలేదు.

పెళ్లికి ముందు మా నాన్న లారీని అక్కే నడిపేది, నీకు చెప్పలేదా బావా అన్నాడు బావమరిది. చెప్పలేదు. నేను అడగలేదు. జీపు కొన్న రోజున, ఇది నీ వల్ల కాదులే, బరువు బండి అని నేనే అన్నాను. అది గుర్తొచ్చి నిజంగా సిగ్గేసింది.

కంప్రెసర్ మాట. నాలుగు టైర్లు, ఇరవై ఆరు నిమిషాలు. వేడెక్కలేదు, ఆగలేదు. బావమరిది పెద్ద పంపు మొరాయిస్తే వాడూ మా దగ్గరే కొట్టించుకున్నాడు. తర్వాత పళ్ల డాక్టరు. మేం ఎవరి ముందూ చెయ్యి చాపలేదు.

ఇంటికొచ్చాక, ఇక అమ్మం కదా అని అడిగాను. అమ్మడమేమిటి, పిచ్చా అంది. తాళం తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్ లాగింది.

మార్చి 30, ఆదివారం, ఉదయం 6.40

దిబ్బల అంచు. ఇద్దరి బరువు ఇసుకకు ఎక్కువట. నన్నూ కంప్రెసర్నూ దింపేసి మా ఆవిడ వెళ్లింది. దాని మీదే కూర్చుని రాస్తున్నాను. గాలి నా దగ్గరుంది. రోడ్డెక్కాలంటే రావాల్సిందే.