గీత కొట్టిన అంకెలు

ఫిబ్రవరి 11, మంగళవారం

ప్రొఫెసర్ హాగెన్ ఫిలాసఫీ క్లాసులో డిబేట్ విషయం ఇచ్చారు. సైన్సు ఉన్నదాన్ని కనుక్కోవడమా, మనుషులు కూర్చుని ఒప్పుకున్నదా? నేను కెమిస్ట్రీ వాణ్ణి, కనుక్కోవడమే అని వాదించాలి. మనుషులు అల్లుకున్నదే అని వాదించేది డెల్లా బోలియు. సోషియాలజీ. వెనక వరసలో కూర్చుని నిజంగానే స్వెటర్ అల్లుతుంటుంది.

నేను కిటికీలోంచి దూకితే కింద పడతానా, లేక ముందు ఓటింగ్ పెడతారా అని అడిగాను. అందరూ నవ్వారు. డెల్లా తలెత్తకుండానే, దూకు, నేను రాసుకుంటాలే అంది. ఇంకా ఎక్కువ నవ్వారు.

ఫిబ్రవరి 12

అదేమంత నవ్వొచ్చే మాట కాదు.

ఫిబ్రవరి 20

ఎవరి పనిని విమర్శిస్తున్నారో ఆ పనిని ఒకరోజు పక్కన కూర్చుని చూడాలి. అది హాగెన్ రూలు. అందుకని డెల్లా మా ల్యాబ్‌కి వచ్చింది.

నోట్‌బుక్ చూపించి గొప్పలు పోయాను. పెన్నుతోనే రాస్తాం. ఏదీ చెరపం. వద్దనుకుంటే ఒక్క గీత, కింద అంకె కనబడాలి. పేజీ చివర ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి. ఆమెకి అది బాగా నచ్చింది.

తర్వాత గడ్డకట్టిన ఊరి సరస్సు మంచుకి కన్నం పెట్టి తెచ్చిన నీళ్లు, పది చోట్లవి, పది సీసాలు, యంత్రంలో పెట్టాను. ఫాస్ఫరస్ ఎంతుందో చెబుతుంది, ఎక్కువుంటే నీళ్లు పాడైనట్టే. మొదటి రీడింగ్ రాసి, గీత కొట్టి, పక్కన వేడెక్కలేదు అని రాశాను. రోజూ చేసేదే, లెక్కలోకి మిగతా తొమ్మిదే. ఎందుకు కొట్టేశావ్ అంది. యంత్రం వేడెక్కలేదు అన్నాను. నీకెలా తెలుసంది. అందరూ కొట్టేస్తారు అన్నాను.

ఆ మాట అలాగే రాసుకుంది.

ఫిబ్రవరి 21

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట. నా జవాబు అంతకంటే గొప్పగా ఏం లేదు.

ఫిబ్రవరి 27, సాయంత్రం 5

మాన్యువల్ చదివాను. యంత్రం కొని ఆరేళ్లయినా ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ ఊడదియ్యలేదు. వేడెక్కకుండా ఈ యంత్రం అసలు మొదలే కాదట.

పాత నోట్‌బుక్కులు తీశాను. గీతల కింద అంకెలు: 38, 41, 40, 39. మిగతా తొమ్మిది సీసాలూ ఎప్పుడూ ఎనిమిదో, తొమ్మిదో, పదో. మొదటి సీసా ఎప్పుడూ వాగు వచ్చి కలిసే చోటిది. ఇవాళ దాన్ని మొదట కాక అయిదోదిగా పెట్టి చూశాను. అయినా అంతే: 40.

సరస్సు శుభ్రంగా ఉందని నా థీసిస్. ఏప్రిల్ 18న ఇవ్వాలి. సిటీ నీటి విభాగంలో వేసవి ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంది. ఈ సంగతి ఇంకెవరికీ తెలీదు. డెల్లాకి కూడా. ఒక ప్రశ్న అడిగి వెళ్లిపోయింది, అంతే.

మార్చి 3

చెప్పలేదు.

మార్చి 5

ఇవాళా చెప్పలేదు. డెల్లా మెట్ల మీద ఏంటి సంగతులు అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏం సంగతులు అని కసిరాను.

మార్చి 6

మా ల్యాబ్ నడిపే డాక్టర్ పెట్రిచ్‌కి చెప్పేశాను. ఆవిడ లేచి స్టూలెక్కి, 2011 నోట్‌బుక్ దించారు. అందులో ఆవిడ చేతిరాతే: ఈ యంత్రం పాతది, మొదటి రీడింగ్ వదిలెయ్యాలి. ఆ యంత్రం ఎప్పుడో తుక్కులోకి పోయింది. మాట మాత్రం మిగిలింది. ఒకరి వెనక ఒకరం గొర్రెదాటు. ఆ మాట పైకే అనేసి నాలుక్కరుచుకున్నాను. అవును, మొదటి గొర్రెని నేనే అన్నారు.

ఏప్రిల్‌కి నీ థీసిస్ కుదరదు, డీన్‌కి నేను రాస్తా, మన పాత పేపర్లకి సవరణ కూడా పంపుతా, ముందా కాఫీ తాగు అన్నారు. నా ముందే ఉత్తరం టైప్ చేశారు. మొదటి వాక్యం: తప్పు నాది. ముప్ఫై ఏళ్ల పేరున్న మనిషి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. నాలుగేళ్లుగా ఆవిడంటే భయపడ్డాను. ఇప్పుడు ఎంత గౌరవమో చెప్పలేను.

ఉద్యోగం పోయినట్టే. బస్సులో ఏడ్చాను.

మార్చి 25

డిబేట్. లేచి, ఉన్నదంతా చెప్పాను. అంటే డెల్లా వాదనంతా నేనే చెప్పేశాను. ఇక నన్ను నంజుకు తింటుందనుకున్నాను.

ఆమె అల్లిక పక్కన పెట్టి లేచింది. ఆరేళ్లు ల్యాబంతా ఒప్పుకుంది, ఒప్పుకోవడమే సైన్సయితే ఆ సీసా కూడా ఒప్పుకోవాలిగా, అది ఒప్పుకోలేదు అంది. గీత కిందైనా అంకెని ఉంచాలన్న రూలు మాత్రం మనుషులు పెట్టుకున్నదే, అది నాకు చాలా ఇష్టం అంది. కూర్చుంది. ఎవరు గెలిచారో తేల్చలేక హాగెన్ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు.

బయట అడిగాను, నన్నెందుకు కాపాడావని. నిన్నెవరు కాపాడారు, సీసాని కాపాడా అంది.

జూన్ 17

కొత్త థీసిస్, మొదటి సీసా. 41.

గీత లేదు.

సాక్షి: డి. బోలియు.