వెండి పూత

అబూ హలీఫా, కువైట్
20 సెప్టెంబరు 1990

చెల్లెలు పుష్పలతకు అక్క సిద్ధమ్మ దీవించి రాయు జాబు. నేను ప్రాణంతో ఉన్నాను. నీ పేరు ముందు ఎప్పుడూ రాసే సౌభాగ్యవతి అనే మాట ఈసారి రాయలేదు. మరిచి కాదమ్మా. నీ పెంచల్ ఇక లేడు. గోడకు ఆనుకొని కూర్చుని మిగతాది చదువు.

పోయిన శుక్రవారం పొద్దున ఇరాక్ సైనికులు తలుపు పగలగొట్టుకొని మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ బాబా ఇంట్లోకి వచ్చారు. కారు తాళం అడిగారు. నీ మొగుడి మొండితనం నీకు తెలియనిదా! బాబా చెబితేనే ఇస్తానన్నాడు. తుపాకి మడమతో మూతి మీద కొట్టారు. పళ్ళు రాలి నేలమీద పడ్డాయి.

బాబా అడ్డొచ్చి, వెండి ఇస్తాను, డ్రైవరును వదలమని బతిమాలి, తన పాత రోము నాణేల మూట తెచ్చాడు. ముసలాడికి వాటి పిచ్చి. పదిహేడు వందల ఏళ్ళ కిందటివట. సైన్యానికి జీతాలివ్వడానికి వెండి చాలక, ఆ రాజులు కంచు బిళ్ళలకు వెండి పూత పూయించారట. జనం నమ్మడం మానేసి, రొట్టెకు దోసెడు బిళ్ళలు అడిగేవారట. ఇక్కడా అంతే. వీళ్ళ దినారూ కువైట్ దినారూ సమానమని తుపాకి చూపి చెబుతుంటే అంగళ్ళవాళ్ళు బియ్యం దాచేస్తున్నారు.

మూట చూసి ఆఫీసరు పెంచల్ జుట్టు వదిలాడు. బతికాడనుకున్నాను పుష్పా! అంతలో మూట కుమ్మరించాడు. తెల్లటి బిళ్ళల్లో ఒకటి ఎర్రగా కనబడింది. మిగతావి కత్తితో గీకి చూశాడు. అన్నీ లోపల కంచే. మోసం చేస్తావా అని అరుస్తూ బాబా వేళ్ళను బూటుతో నలిపాడు. పెంచల్‌ను గోడకు నిలబెట్టి రెండుసార్లు కాల్చాడు. ఆ నెత్తురు నా ముఖం మీద పడింది.

నిప్పు పెట్టనివ్వలేదు. ఇంటి వెనక ఇసుకలోనే పూడ్చాం. ఆ పాడు బిళ్ళను ముసలాడు మూటలో ఎందుకు ఉంచుకున్నాడో! వాడి చేతులు పడిపోను!

ఈశ్వరయ్య అమ్మాన్ మీదుగా ఊరికొస్తున్నాడు. ఈ జాబూ పెంచల్ గడియారమూ అతనే ఇస్తాడు.

నీ అక్క,
సిద్ధమ్మ

తా.క.: బాబాను ఉత్తపుణ్యానికి తిట్టాను. వాటిని పొడిగుడ్డతోనే తుడవాలని, కడగొద్దని ఆయన మొదటే చెప్పాడు. మురికిగా ఉందని నేనే ఒక బిళ్ళను, మన ఇత్తడి చెంబులు తోమినట్టు, చింతపండూ ఉప్పూ పెట్టి తోమాను. పూత పోయి ఎర్రబడింది. తిడతాడని మూట అడుగున దాచాను. నిన్న ఆయన వేళ్ళ కట్టు మారుస్తుంటే బాబా ఆ బిళ్ళను చూసి, నా చేతులు చూశాడు. నేనొచ్చినప్పుడు తలుపు తీస్తావో లేదో నీ ఇష్టం.