హార్డ్‌డిస్కుకు పెట్టిన బొట్టు

వనపర్తి,
25-10-2008, శనివారం.

చిరంజీవి శ్వేతకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మ క్షేమం. ఆమె మోకాలి నొప్పి ఆమె కంటే క్షేమంగా ఉంది. నా క్షేమం సంగతి చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

సెల్లు ఉండగా ఉత్తరాలెందుకని అడిగావు. మన ఫొటో స్టూడియోలో నా ఎదురు బెంచీ మీద సాయమ్మ కూర్చుని ఉంటుంది తల్లీ. పొద్దున గోపాల్‌పేట బస్సు దిగి వస్తే మళ్లీ సాయంత్రం బస్సుకే లేస్తుంది. ఫోన్ పట్టుకుని బయటికి పోతే వెంటే వచ్చి, "డబ్బ బాగైందా అన్నా?" అంటుంది. నా దుకాణంలో నాకే నోరు విప్పే చోటు లేకుండా పోయింది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు నర్సింహులు పెళ్లి వీడియో మే నెలలో మనమే తీశాం. ఆగస్టులో బోరు స్టార్టర్ దగ్గర షాకు కొట్టి ఆ పిల్లవాడు పోయాడు. ఫొటో ఆమె దగ్గర ఉంది. ఆమెకు కావలసింది కొడుకు గొంతు. నేను ఎడిటింగ్ రేపు మాపు అంటూ వాయిదా వేశాను, ఆ క్యాసెట్ల మీద మళ్లీ వేరే పెళ్లిళ్లు తీశాం. ఇక ఆ గొంతు ఉన్నది నువ్వు కొనిపించిన ఆ నల్ల హార్డ్‌డిస్కులోనే. దసరా మర్నాటి నుంచి కంప్యూటర్ దాన్ని గుర్తు పట్టడం మానేసింది.

నువ్వు రాసినవన్నీ చేశాను. వైరు మార్చాను. సీపీయూ ముందు పోర్టు వదిలి వెనక పోర్టులో గుచ్చాను. నెట్ సెంటర్‌కు తీసుకుపోయి వాళ్ల కంప్యూటర్‌కు తగిలించాను. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే మన సి, డి డ్రైవులు తప్ప మూడోది లేదు. లైటు మాత్రం వెలుగుతుంది, లోపల తిరిగే చప్పుడు కూడా వస్తుంది. "లైటు ఎలుగుతుంది గద అన్నా, మరెందుకు పలుకుతలేదు?" అని సాయమ్మ అడిగింది.

'లైటు వెలుగుతుంటే డిస్కు బతికే ఉంది నాన్నా, వైరు గుచ్చే రంధ్రంలో టార్చి వేసి చూడు' అని రాశావు చూడు, అక్కడ నేను దొరికిపోయాను. దాని కిందే ఒక ప్రశ్న వేశావు, మన కెమెరామన్ యోసేపు కాక ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని. డిస్కు పలకకపోవడానికీ, కాక ఫోన్ ఎత్తకపోవడానికీ కారణం ఒకటే.

దసరా నాడు ఎప్పటిలాగే ఆయుధపూజ చేశాను. కెమెరాలకు, లైట్లకు, కంప్యూటర్‌కు బొట్లు పెట్టాను. ఆ డబ్బా కొత్తది, దానికి ముందేదో వెనకేదో తెలియలేదు. వైరు గుచ్చేదే దాని ముఖం అనుకుని, గడపకు పూసినట్టు అక్కడే తడి పసుపు మెత్తి కుంకుమ పెట్టాను. మర్నాడు పైపైన తుడిచి వైరు గుచ్చితే పలకలేదు.

సరిగ్గా అప్పుడే సాయమ్మ వచ్చింది. "ఏమైందన్నా, నా కొడుకు లేడా అందుల?" అంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "యోసేపు కింద పడేసిండు."

పూజ జరుగుతున్నంతసేపు చర్చికి పోయే యోసేపు బయట చాయ్ తాగుతూ నిలబడతాడు, ప్రతి ఏడూ అంతే. మా ఇద్దరిలో పసుపు ముట్టని వాడు అతనే. పోయి పోయి అతని మీదే తోశాను. "అన్నా, నేను ముట్టనే లేదు" అన్నాడు. నేను వైర్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. పదహారేళ్లు నాతో కలిసి పనిచేసిన మనిషి, ఆ సాయంత్రం తాళంచెవి బల్ల మీద పెట్టి పోయాడు. సాయమ్మ ఊరుకోలేదు. యోసేపుదీ గోపాల్‌పేటే, అతని వాడకట్టుకు పోయి, "నా కొడుకును రెండోసారి సంపినవ్" అని నలుగురిలో తిట్టిందట. నేను తేలు కుట్టిన దొంగనయ్యాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. టార్చి వేసి చూశాను, లోపల పసుపు గట్టిపడి ఉంది. అయినా రెండు రోజులు చెయ్యి రాలేదు. డిస్కు పలకకపోతే సాయమ్మకు కొడుకు గొంతు లేదు. పలికితే నా అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనని భయం. నిన్న ఎలాగో దవాఖానలో సూదికి ముందు రాసే స్పిరిట్ తెచ్చి, మెత్తటి బ్రష్షుతో తుడిచి, బాగా ఆరబెట్టి వైరు గుచ్చాను. కంప్యూటర్ టింగుమంది. వెంటనే అంతా రెండు చోట్ల దింపి పెట్టాను.

ఈ పొద్దున సాయమ్మకు చూపించాను. పెళ్లిపీట మీద నర్సింహులు బిగుసుకుని కూర్చున్నాడు. కెమెరా వెనక నుంచి ఒక గొంతు, "అరె నర్సిములూ, పెండ్లి నీదేరా, పోలీస్ స్టేషన్ల ఫొటో కాదు. జర నవ్వు!" అంది. పిల్లవాడు పకపకా నవ్వి, "నేనొక్కన్నే ఎట్ల నవ్వాలె? అమ్మా, నువ్వు గూడ రాయే!" అన్నాడు. సాయమ్మ తెర మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. నాలుగుసార్లు వేయించుకుంది. తర్వాత అడిగింది.

"గా నవ్విపిచ్చేటోడు ఎవరన్నా?"

"యోసేపు."

"గాయిననా? నా నోరు పడిపోను! చెయ్యి జారితే జారె, గాయినను ఎన్ని మాటలన్న! రేపు ఐతారం, చర్చికాడ అందరుంటరు. అందరి ముంగట తిట్టిన, అందరి ముంగటనే కాళ్లు మొక్కుత."

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. మళ్లీ వైర్లు సర్దుతూ కూర్చున్నాను. ఆమె మూడింటి బస్సుకు పోయింది, ఇప్పుడు నాలుగైంది. నేను చేసిన తప్పుకు కొడుకు పోయిన తల్లి కాళ్లు మొక్కడమా! సిగ్గుతో చచ్చిపోతున్నాను శ్వేతా. అయిదున్నర బస్సుకు బయలుదేరుతున్నాను. ముందు యోసేపు ఇంటికి పోతాను, ఆ వెంటనే సాయమ్మ ఇంటికి.

నా ధైర్యం సంగతి నాకు తెలుసు, బస్సు మెట్టు దగ్గర జారిపోయే రకం. అందుకే ఈ ఉత్తరాన్ని ఇక్కడ పోస్టు చేయను. ఆ రెండు గడపలూ దిగాక, గోపాల్‌పేట పోస్టు డబ్బాలో వేస్తాను. కవరు పారేయకుండా ముద్ర చూడు. గోపాల్‌పేట అని ఉంటే మీ కాకకు మళ్లీ ఫోన్ చెయ్. వనపర్తి అని ఉంటే మాత్రం, ఇందులో నేను రాసిన ఒక్క ముక్కా నమ్మకు.

ఇట్లు,
నీ నాన్న
దశరథం