ఖాళీ ప్లేటు

అక్కకు,

నేను క్షేమం. నువ్వూ బావా పిల్లదీ క్షేమమని తలుస్తున్నాను అని రాయాలి కాబట్టి రాశాను. నిజంగా ఎలా ఉన్నారో నువ్వే చెప్పాలి. ఫోన్లో అయితే రెండో నిమిషానికే కొట్లాటకు దిగుతాం. నేను ఇల్లు వదిలిన రోజు గుమ్మంలో అనుకున్న మాటలే మళ్లీ మొదలవుతాయి. అందుకే మనకు ఈ కాగితాలే దిక్కు.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. గది తాళం సరిగ్గానే పడుతోంది. సూపర్‌వైజర్‌తో మళ్లీ గొడవపడ్డావా అన్నావు. పడ్డాను. తప్పు నాది కాదు.

ఈ పళ్లరసం ఫ్యాక్టరీలో నేను సీసాలు కడిగే చోటికి ఎదురుగా అద్దాల గది ఉందని రాశాను కదా, రసంలో క్రిములున్నాయేమో పరీక్షించే గది. రెండేళ్లుగా దాని గుమ్మం దాకా ట్రేలు మోస్తున్నాను, లోపల అడుగు పెట్టనివ్వరు. మొన్న తలుపు సందులోంచి కెమిస్టుని అడిగాను.

"సార్, ఆ గాజు గిన్నెల్లో పసుపు చుక్కలేంటి?"

"నీకెందుకమ్మా? సీసాలు కడుగు, చాలు."

"కడిగేది నేనే కదా సార్. సరిగ్గా కడిగానో లేదో నాకు తెలియొద్దా?"

వెనక నుంచి సూపర్‌వైజర్, "వచ్చిందండీ మన సైంటిస్టు! ఇంట్లో కూడా పెంచుతోందిట, బూజు!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అప్పటినుంచి నా పేరే బూజు. "బూజూ, ట్రే ఇటు తే." "బూజూ, పిల్లలు కులాసానా?" భోజనాల వేళ నా బల్ల దగ్గరికి ఎవరూ రారు, అంటుకుంటుందట. నోరు మూసుకుని ఊరుకున్నానని అనుకోకు. సూపర్‌వైజర్ టీ గ్లాసు కడక్కుండా మూడు రోజులు వాడతాడని అందరి ముందూ చెప్పాను. అదీ గొడవ.

ఆ పెట్టెలో ఏం పెంచుతున్నావు, కంపు కొట్టదా అన్నావు. కొట్టదు. మూత ఉన్న చిన్న గాజు గిన్నెలు, వాటిని ప్లేట్లంటారు. అగర్ అని సముద్రపు నాచు పొడి ఉంటుంది. దాన్ని చక్కెరా, కూరగాయలు ఉడికించిన నీళ్లూ కలిపి కుక్కర్లో ఉడికించి ప్లేట్లలో పోస్తే జెల్లీలా గడ్డకడుతుంది. దానికి వేలు తాకించి మూతపెట్టి, బల్బు అమర్చిన థర్మోకోల్ పెట్టెలో వెచ్చగా ఉంచితే, మూడో రోజుకి వేలి మీద కంటికి ఆననివన్నీ చుక్కలై పైకొస్తాయి. మూతకు టేపు చుట్టేస్తాను, మళ్లీ తెరవను. చూడడం అయ్యాక బ్లీచింగ్ నీళ్లలో ముంచి పారేస్తాను. పిల్లదానికి చెప్పు, పిన్ని దగ్గర ఒక జూ ఉందని. ఇదంతా ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ పుస్తకం, వీడియోలు, మాడిపోయిన ఒక కుక్కరు.

ఇంతవరకూ సులువుగా రాశాను. ఇక అసలు సంగతి.

నీ ఉత్తరం వస్తే నేను ఒక్కసారే చదవను. చదివితే అయిపోతుంది. రోజుకింత చదివి, కింది భాగం మడతపెట్టి ఆదివారానికి దాచుకుంటాను. ఈసారి ఆ మడత చూస్తుంటే బుర్రలో పురుగు తొలిచింది. ఆ మడత లోపల నా చెయ్యి పడలేదు. రాస్తున్నప్పుడు నీ అరచెయ్యి ఆనింది అక్కడే. నీ చేతిమీదిది ఏదైనా ఇంకా బతికుంటే?

చదవడం తర్వాత చూసుకోవచ్చు, ముందు నా ఊపిరి కూడా తగలకూడదనుకున్నాను. మడత విప్పి, రాసిన వైపే జెల్లీకి అద్ది ఒక నిమిషం ఉంచాను. పైకి తీసేసరికి నీ సిరా అంతా జెల్లీలోకి దిగిపోయింది. నాలుగు వరుసలూ నీలం మరక. మిగిలింది 'చెల్లీ' అన్న మాట, చివర్న ఒక ప్రశ్న గుర్తు. అంతే.

మూడో రోజుకి ఏడు పసుపు చుక్కలు వచ్చాయి. నవ్వితే నవ్వు గానీ, వారం రోజులు పనికెళ్లేటప్పుడు ఆ ప్లేటుకి "వెళ్లొస్తా" అని చెప్పి వెళ్లాను. తిరిగొచ్చి "వచ్చా" అన్నాను.

సైకిల్ షాపు పై గదిలో ఆదివారాలు ఇలా ఇంట్లో ప్రయోగాలు చేసే నాలాంటి పిచ్చివాళ్లు నలుగురు కలుస్తారు. అక్కడ ఒక పెద్దావిడ ఉంది, ఒకప్పుడు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. గొప్పగా నా నోటుబుక్కు చూపించాను. కళ్లజోడు సర్దుకుని ఒకటే అడిగింది.

"ఖాళీ ప్లేటు ఏదమ్మా?"

"అంటే?"

"ఏదీ అద్దనిది. అదే గది, అదే గాలి, నీ చేతులే. మూత తెరిచి ఊరికే మూసేది. అది శుభ్రంగా ఉంటేనే, ఇందులో మొలిచింది ఉత్తరంలోంచి వచ్చిందనాలి."

మెట్లు దిగుతూ ఆవిణ్ణి మనసులో తిట్టని తిట్టు లేదు. ఇంటికొచ్చి మళ్లీ చేశాను. ఒకటి ఊరికే తెరిచి మూశాను. ఒకదానికి తెల్లకాగితం అద్దాను. ఒకదానికి నీ ఉత్తరం పై అంచు. మూడింట్లోనూ అవే పసుపు చుక్కలు.

అవి నావే అక్కా. నువ్వనుకుని వారం పాటు పలకరించింది నన్ను నేనే. దానికోసం నీ నాలుగు వరుసలు పోగొట్టుకున్నాను.

ఫోన్ చేసి అడగొచ్చు. "చదవలేదా నువ్వు?" అంటావు, నేను చదివానని అబద్ధమాడతాను, కొట్లాట మొదలు. అందుకే ఇక్కడే తేల్చేస్తున్నాను. ఎప్పుడొస్తావని అడిగుంటే, సెలవు దొరకగానే వస్తాను. నేను రానా అని అడిగుంటే, రా, మంచం నీకిచ్చి నేను చాప మీద పడుకుంటాను. నీకు ఒంట్లో బాగోలేక ఏదైనా అడిగుంటే, దేనికైనా సరే, సరే. కోపం పోయిందా అని అడిగుంటే, పోలేదు. అయినా రా.

ఈసారి బాల్‌పెన్నుతో రాయి. ముందు ఆ చివరి ప్రశ్నే రాయి.

ఇట్లు,
ఒక్క గుక్కలో నీ ఉత్తరం చదువుతానని ఒట్టేస్తున్న
నీ చెల్లి