డ్రైవర్‌కు ఇచ్చిన గోలీలు

శనివారం, రాత్రి పదకొండు.

నా చేతులారా ఎంత పని చేశాను. కొడుకు, కోడలు, మనుమరాలు పద్మ సాయంత్రం గౌలిపుర నుంచి శ్రీశైలం యాత్ర బస్సులో పోయారు. బస్సెక్కితే పద్మకు వాంతులు. మందుల దుకాణం ఖాదర్ భాయ్ పొద్దున గోలీలిస్తూ చెప్పినట్టే, బయలుదేరడానికి అర్ధగంట ముందు సగం గోలీ మింగించాను. అది డ్రైవర్ చూశాడు.

"అవ్వా, నాకు గూడ పొద్దటిసంది కడుపుల తిప్పుతుంది. ఒకటియ్యరాదు!"

అంత మనిషికి ఒకటేం సరిపోతుందని రెండిచ్చాను.

తిరిగి వస్తూ ఆ సంగతి ఖాదర్ భాయ్‌కి గొప్పగా చెప్పాను.

"యా అల్లా! ఏం పని చేసినవమ్మా? గా గోలీకి మస్తు నిద్రొస్తది. బండి నడిపేటోళ్లకు ఇయ్యొద్దు."

"మరి పొద్దున చెప్పలేదేంది?"

"నువ్వు మనుమరాలికన్నవ్ గదా!"

దుకాణంలో ఫోనుంది. రోడ్డు మీద పోయే బస్సుకు ఫోన్ ఎట్లా చేస్తారు? "నడుమ చాయ్ తాగుతడు, ఫికర్ చెయ్యకు" అన్నాడు గాని, ఆయన నా మొహం చూడలేదు.

ఇప్పటికి ఘాట్ ఎక్కుతుంటారు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. గాలి తగులుతుందని పద్మను ముందు సీట్లో కూర్చోబెట్టింది కూడా నేనే.

మల్లన్నా, ఇంకేమీ అడగను. ఆ డ్రైవర్‌కు వాంతి కావాలి. బస్సు పక్కకు ఆపి, నేనిచ్చిందంతా కక్కాలి. నన్ను బూతులు తిట్టుకుంటూ అయినా సరే, మెలకువగా...