ఓడలోకి రెండేసి

నాయనా పెద్దోడా,

ఆ వెల్డింగ్ షాపు నిప్పురవ్వల నుంచి ప్రభువు నీ కళ్లని కాపాడుగాక. ఇక్కడ నేనూ నీ కూతురు గువ్వా కులాసా. కులాసాగా లేనిది నా ఓపిక ఒక్కటే.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. వంటింటి కప్పు కారడం ఆగింది. తాపీమేస్త్రి నాచేత నాలుగు తిట్లు తిన్నాక వచ్చి బాగుచేశాడు. నా మోకాలు ప్రార్థనకి వంగుతోంది, మెట్లకి వంగనంటోంది. గువ్వ బాగానే తింటోంది. "లెక్కల్లో వెనకబడిందని టీచరు రాసింది, ఏంటమ్మా సంగతి?" అన్నావు. ఆ సంగతి విను.

ఇప్పటి బడిలో ఒకటీ రెండూ మూడూ చాలవట. కప్పపిల్లల్లా రెండేసి గెంతాలి, ఐదేసి గెంతాలి. రెండేసి అనగానే నాకు గ్రంథంలోని జలప్రళయం నాటి ఓడ గుర్తొచ్చింది. జంతువులు జతలు జతలుగా ఎక్కిన ఓడ ఉండగా వేరే పాఠమెందుకు? మన గుమ్మమే ఓడ తలుపన్నాను. గాడిదలు ఎక్కాయి, రెండు. ఒంటెలు, నాలుగు. సింహాలు, ఆరు. అక్కడ గ్రంథంలోని వాక్యం నన్ను పట్టుకుంది. పవిత్రమైన జంతువులు ఏడేసి ఎక్కాలాయె! రాసి ఉన్నదాన్ని నేను మింగేస్తానా? ఆవులు ఎక్కాయి, పదమూడు. గొర్రెలు, ఇరవై. నక్కలు, ఇరవై రెండు. పిల్ల గడగడా వంద దాటించేసింది. ప్రార్థనకొచ్చిన సంఘం ముందు నిలబెట్టి చెప్పిస్తే ఒకటే చప్పట్లు.

బడిలో టీచరు రెండేసి చెప్పమంది.

"రెండు, నాలుగు, ఆరు, పదమూడు."

"పదమూడేంటే?"

"ఆవులొచ్చాయి టీచర్!"

తరగతంతా పడీ పడీ నవ్విందట. నెలాఖరులోపు సరిగ్గా చెప్పకపోతే చిన్నపిల్లల తరగతికి దింపేస్తామని కబురొచ్చింది. నేను ఊరుకుంటానా? గ్రంథం చంకన పెట్టుకుని వెళ్లాను.

"వాక్యంలో తప్పుందంటావా అమ్మాయ్?"

"వాక్యం జోలికి నేను రాలేదండీ. మధ్యలో అడుగు మార్చకూడదంటున్నా, అంతే. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. ఎంత దూరం పోయినా చివర మళ్లీ మళ్లీ ఆ అంకెలే తిరుగుతాయి. ఆ తిరుగుడు పట్టుబడితే తర్వాత ఏమొస్తుందో పిల్లకి ముందే తెలిసిపోతుంది."

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల చెప్పింది నిజం కావడంతో ఇంకాస్త మండింది.

ఇంటికొచ్చి ఓడకి రెండో తలుపు పెట్టాను. పవిత్రమైనవన్నీ పెరటి గుమ్మంలోంచి ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. మిగతావి వీధి గుమ్మంలోంచి రెండేసి. పెరటివైపు గువ్వ తడుముకోకుండా ఎక్కించింది. వీధివైపుకొచ్చి "రెండు" అని ఆగిపోయింది. బతిమాలాను. గద్దించాను. ప్రసంగం కూడా చేశాను. నోరు విప్పితేనా!

"నాలుగు అనవే తల్లీ!"

"మరి మూడో మనిషి?"

"మూడో మనిషెవరే మధ్యలో?"

"నువ్వూ నేనూ ఇద్దరం. నాన్న మూడు. రెండు తర్వాత నాలుగు అనేస్తే నాన్న బయటే ఉండిపోతాడు కదా నానమ్మా."

ఇంతసేపూ ఒక మాట దాటేస్తూ వచ్చాను పెద్దోడా. ఈ రెండో తలుపుకి ముందు రోజు, ఆదివారం, నేను ప్రసంగించింది ఆ జలప్రళయం మీదే. నా గొంతు నీకు తెలుసుగా. లోపలి లెక్కలోకి రానివాళ్లు బయట తలుపు బాదడం, నీళ్లు మోకాళ్ల దాకా, మెడ దాకా రావడం, ఒక్కటి వదలకుండా వర్ణించాను. పెద్దవాళ్లు ఏడ్చారు. వాళ్లు ఏడుస్తున్నారని నేను రెచ్చిపోయాను. ముందు వరసలో కూర్చున్న తల్లి లేని మన పిల్ల నా కంటికి ఆనలేదు.

ఆ గుమ్మంలోనే దాన్ని దగ్గరికి తీసుకున్నాను. "సరే, అందరికంటే ముందు నాన్ననే ఎక్కిద్దాం" అన్నాను. ఒకటి. ఆ తర్వాత రెండేసి. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది... నలభై ఒకటి దాకా ఒక్క చోట తొట్రుపడలేదురా!

మర్నాడు టీచరు ముందూ అలాగే చెప్పింది. ఎందుకు ఒకటితో మొదలెట్టిందో నేను చెప్పాను. టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అడుగు ఎక్కడా మారలేదు, శభాష్! ఇప్పుడు రెండుతో మొదలుపెట్టు."

గువ్వ చేతులు కట్టుకుంది. "నాన్న ఎప్పుడొస్తాడో చెప్పండి. అప్పుడు మొదలెడతా."

టీచరు నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. గడువు గడువే, నెలాఖరు.

నీ ఉత్తరం మళ్లీ చదివాను. ప్రశ్నలకేం కొదవ లేదు. నువ్వెప్పుడొస్తావో మాత్రం ఒక్క ముక్క లేదు. గ్రంథమంతా తిరగేసినా ఆ తేదీ నాకు దొరకదు, అది రాయవలసింది నువ్వు. నాకు కాదు, దాని పేరున రాయి. అక్షరాలు పెద్దవిగా పెట్టు. అదే చదువుకుంటుంది.

ఇట్లు,
అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న
అమ్మ