బావ నడిచిన పదివేల అడుగులు

జులై 2
పరగడుపున సుగరు 260. మిషన్ తప్పేమోనని నా వేలు కూడా గుచ్చుకున్నాను. నాది 92. మిషన్‌కేం రోగం లేదు, బావకే.

ఊళ్ళో ఇంటింటికీ తిరిగి "సుగరున్నవాళ్ళు నడవండి" అని నోరు పడిపోయేలా చెప్పే ఆశా కార్యకర్తని. నా మొగుడు మంచం దిగడు! ఫోన్‌లో వాలీబాల్ ఆడుతున్నాడు... రెండు బొటనవేళ్ళతో. "ఉండే, ఇంకొక్క పాయింటు." ఒకప్పుడు ఈయన స్మాష్ కొడితే బంతి గ్రౌండు దాటి రోడ్డు మీద పడేది. ఆ వల ఇప్పుడు పెరట్లో ఆనపపాదుకి పందిరి.

జులై 3
గజపతినగరంలో డాక్టరు గారు — "రోజూ పదివేల అడుగులు. నెల చూద్దాం. తగ్గకపోతే ఇన్సులినే." బావ మొహం నల్లబడింది. వాళ్ళ నాన్న, మా మావయ్యకి ఈ సుగరుతోనే కాలు తీసేశారు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నన్ను పట్టుకుని ఏడ్చిన మనిషి... మర్చిపోయాడా?

జులై 6
పాత వాలీబాల్ జట్టు ఆరుగురూ ఫోన్‌లో గ్రూపు పెట్టారు. ఎవరెన్ని అడుగులేశారో అందులో పడుతుందట. లెక్కకి బావ తన పాత ఫోను తీశాడు. ఆరుగురూ ఒకే ఊళ్ళో ఉన్నారు, గ్రౌండు ఊరి చివరే ఉంది, పోయి ఆడుకోవచ్చు కదా? "ఎండగున్నాదే." సరే. నడిస్తే చాలు.

జులై 11
9,840! నేను డ్యూటీకి వెళ్ళాక రైలుగేటు దాకా నడిచొస్తున్నాడట. ఆ అంకె చూసి దిష్టి తీయాలనిపించింది.

జులై 15
గ్రూపులో బావే ఫస్టు. జట్టులోని సూరిబాబు అన్నయ్య ఎదురై, "మావోడు గుర్రవైపోనాడమ్మా!" నేనూ ఆగలేదు. వెళ్ళిన ప్రతి ఇంట్లో బావ గురించే. మోకాళ్ళ నొప్పులని కదలని అప్పలనరసమ్మ గారికి కూడా బావనే చూపించాను.

జులై 19
251. ఇంత నడిచి తొమ్మిదే తగ్గడమేమిటి? "నాకేటి తెలుస్తాది, నీ మిషన్నే అడుగు." నడకకని కొన్న కొత్త బూట్లు తిప్పి చూశాను. అడుగున మట్టి లేదు. కడుగుతున్నాడట! పదహారేళ్ళలో ఈయన మంచినీళ్ళ గ్లాసు కడగడం కూడా చూడలేదు.

జులై 22
అప్పలనరసమ్మ గారికి బీపీ చూస్తున్నాను. నా సంచిలోంచి బాజా, చప్పట్లు. "ఓలమ్మ, ఏటమ్మా అది?" రిజిస్టర్ల కింద, ఓఆర్ఎస్ ప్యాకెట్ల మధ్య, బావ పాత ఫోను. పదివేల అడుగులు పూర్తయ్యాయి, అభినందనలట.

నావి. నేను తిరిగిన వీధులు, ఎక్కి దిగిన మెట్లు, నా మడమల పగుళ్ళు. పేరు మాత్రం ఆయనది. ఆవిడతో "అలారం" అని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి ఫోన్ ముందు పడేశాను. తల దించుకున్నాడు. "సంచిలో ముందు ఎట్టింది నాను కాదే, మొదట్రోజు నువ్వే మందులతో కలిపి అందులో ఏసుకెల్లిపోనావు. సాయంత్రం సూత్తే నానే ఫస్టు. అందరూ పొగిడేసినారు. ఇంక... ఒగ్గనేకపోనాను."

"పొగిడినవాళ్ళు వచ్చి నీ కాలు కాపాడతారా?"

జులై 23
ఫోన్ ఇంట్లోనే ఉంది. గ్రూపులో బావ 312. అలిగి అన్నం తినలేదు. సుగరుకి మంచిదే.

జులై 29
ఈ వారంలో రెండుసార్లు నడిచాడు. రెండోసారి కిళ్ళీకొట్టు దాకా.

ఆగస్టు 2
డాక్టరు గారి ముందు ఆ పాత ఫోనే తీసి పెట్టాడు! ఏం పుట్టిందో ఆ బుర్రకి. ఆయన జులై 22 దాకా ఉన్న పెద్ద అంకెలే చూసి, "ఇంత నడిచినా తగ్గలేదంటే ఇక మాత్రలతో పని కాదు" అని ఇన్సులిన్ రాయడం మొదలుపెట్టారు. బావ నా వంక చూశాడు, చిన్నపిల్లాడిలా. నేను గోడ మీద క్యాలెండరు వంక. పరువు ఆయనది, కాలూ ఆయనదే. నోరు ఆగలేదు —

"అవి నా అడుగులండీ."

పెన్ను ఆగింది. పదిహేను రోజులు గడువిచ్చారు. ఆఖరుసారట.

బస్సులో బావ వేరే సీట్లో కూర్చున్నాడు. దిగాక — "పరువు తీసేసినావే." తీశాను. మావయ్యకి తీసినట్టు ఇంకోటి తీయకూడదనే తీశాను.

ఆగస్టు 3
పొద్దున్నే బూట్లు కట్టుకున్నాడు. చెప్పకుండానే! వీధి మలుపు తిరిగే దాకా గుమ్మంలో నిలబడి చూశాను. ఏడుపొచ్చింది కూడా.

అయిదు నిమిషాలకి వెనక్కి. "సెల్లు మర్సిపోనానే."

"సెల్లు లేకపోతే కాళ్ళు కదలవా బావా?"

"కదుల్తాయే. కానీ అందులో పడవు కదా. ఉత్తినే నడిసినట్టు."

ఉత్తినే!

ఇస్తే మలుపు దాటగానే ఏ అరుగు మీదో కూర్చుని అందులోనే వాలీబాల్ ఆట మొదలెడతాడు. ఇవ్వకపోతే బూట్లు విప్పేస్తాడు. ఏం చెయ్యాలో తోచక, ఫోన్ పట్టుకుని లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. బావ ఇంకా గుమ్మంలోనే... బూట్లతోనే.

"ఇచ్చీయే, ఎండెక్కిపోతన్నాది."